పారాణి రంగు సబ్బు

మొన్న మాఘమాసంలో మా చెల్లెలి గృహప్రవేశం జరిగింది. వచ్చిన ఆడవాళ్లకి తాంబూలంతో పాటు ఇచ్చిన అరవై సబ్బులూ నేను ఇంట్లో చేసినవే. కింద సగం పారాణి రంగు, పైన సగం మీగడ తెలుపు, మధ్యలో సన్నటి నల్ల గీత, ముఖం మీద కలంకారీ పువ్వు. అది అలా రావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఎలా చేశానో, ఎక్కడ చెడిందో అంతా రాస్తున్నాను. ఇది చదివి మొదలుపెట్టాలనుకునేవాళ్లు కాస్టిక్ సోడా గురించి రాసింది మాత్రం రెండుసార్లు చదవండి.

మేం ఉండేది విజయవాడలో, నా పుట్టిల్లు బందరు. జులైలో అమ్మ దగ్గర పది రోజులు ఉన్నప్పుడు కాలక్షేపానికి మొదలుపెట్టాను. అందరూ మొదలుపెట్టినట్టే గ్లిజరిన్ సోప్ బేస్ కొన్నాను. అది తయారైపోయిన సబ్బే. ముక్కలు కోసి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించి, రంగూ వాసనా కలిపి సిలికాన్ అచ్చుల్లో పోస్తే గంటలో గట్టిపడుతుంది. పోయగానే పైన చిన్న చిన్న బుడగలు తేలతాయి. వాటి మీద సర్జికల్ స్పిరిట్ ఒక్కసారి స్ప్రే చేస్తే అన్నీ పోతాయి. ఒక పొర మీద ఇంకో పొర పోసేటప్పుడు కూడా మధ్యలో స్పిరిట్ కొట్టాలి, లేకపోతే వాడేటప్పుడు రెండు పొరలూ విడిపోతాయి. పిల్లలతో కూర్చుని చేసుకోవడానికి ఇంతకంటే మంచి పని లేదు. మా అబ్బాయి లోపల చిన్న ప్లాస్టిక్ డైనోసార్‌ని పెట్టి పోశాడు. అది బయటికి వచ్చేదాకా రోజుకి మూడుసార్లు చేతులు కడిగాడు.

నేను మాత్రం ఎండబెట్టిన గులాబీ రేకలు వేశాను. పోసినప్పుడు ఎంత బాగున్నాయో చెప్పలేను, అద్దంలో పువ్వు దాచినట్టు. వారం తిరక్కుండానే రేకలన్నీ వాడేసిన టీ పొడి రంగుకి వచ్చాయి. పైగా బందరులో వానాకాలం గాలి ఎలా ఉంటుందో తెలిసిందే, ఉప్పు డబ్బాలో నీళ్లూరతాయి. సబ్బుల మీద కూడా చెమట పట్టింది. గ్లిజరిన్ గాలిలో తేమని లాక్కుంటుంది కాబట్టి ఆ బేస్‌తో చేసిన సబ్బు చల్లారగానే క్లింగ్ ఫిల్మ్‌లో బిగించి చుట్టాలి. అది తెలిసేసరికి ట్రే అంతా తడి.

ఆ చెమట సబ్బుల్లో ఒకదాన్ని చేత్తో పట్టుకుని అమ్మ అడిగింది, "ఇందులో నువ్వు చేసిందేముందే? కరిగించి పోశావు, అంతేగా?" అమ్మ ఎగతాళిగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. నూనె నుంచి సబ్బు చెయ్యడం నేర్చుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

నూనె నుంచి సబ్బు కావాలంటే క్షారం కావాలి. గట్టి సబ్బుకి వాడేది సోడియం హైడ్రాక్సైడ్, మనం కాస్టిక్ సోడా అంటాం. నూనెలోని కొవ్వు విడిపోయి, సోడాతో కలిసి, సబ్బుగానూ గ్లిజరిన్‌గానూ మారుతుంది. లెక్క సరిగ్గా ఉంటే చివరికి సబ్బులో సోడా అంటూ ఏమీ మిగలదు. లెక్క తప్పితే చర్మం కాలుతుంది. అందుకే ఇందులో చెంచాలతో, గ్లాసులతో కొలవడాలు పనికిరావు. అన్నీ, చివరికి నీళ్లు కూడా, గ్రాముల్లో తూకం వెయ్యాలి. ఒక్కో నూనెకి ఎంత సోడా పడుతుందో వేరువేరుగా ఉంటుంది. కొబ్బరినూనె గ్రాముకి సుమారు 0.183 గ్రాములు తీసుకుంటే, ఆముదం 0.128తో సరిపెట్టుకుంటుంది. లెక్క కట్టాక అందులో ఐదు శాతం సోడా తగ్గించి వేస్తాం, అప్పుడు కొంచెం నూనె సబ్బు కాకుండా మిగిలి చర్మానికి మెత్తగా ఉంటుంది.

డ్రైనేజీ పైపులు శుభ్రం చెయ్యడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే పొడి కొనొద్దు. అందులో ఏమేం కలిసి ఉంటాయో మనకి తెలియదు. నేను ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో, డబ్బా మీద 98 శాతం శుద్ధి అని రాసి ఉన్నది కొన్నాను. డబ్బా మూత బిగించి పెట్టాలి, గాలిలో తేమ తగిలితే ముద్దకట్టి బలం తగ్గిపోతుంది. మా ఇంట్లో అది బీరువా పైన, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది.

కలిపేటప్పుడు చేతులకి రబ్బరు గ్లవ్స్, కళ్లకి గాగుల్స్, నిండు చేతుల చొక్కా, కాళ్లకి చెప్పులు. చల్లటి నీళ్లలో సోడాని కొంచెం కొంచెంగా వెయ్యాలి. సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఒక్కసారిగా పొంగి చిమ్ముతుంది. పొయ్యి మీద పెట్టకుండానే ఆ నీళ్లు 80, 90 డిగ్రీల దాకా కాగుతాయి. పైకి వచ్చే ఆవిరి గొంతులో మంట పుట్టిస్తుంది కాబట్టి బాల్కనీలోనో, కిటికీలన్నీ తీసో కలపాలి. చర్మం మీద చుక్క పడితే వెనిగర్, నిమ్మకాయ అంటూ వెతక్కుండా వెంటనే ధారగా నీళ్ల కింద పెట్టాలి, చాలాసేపు. పిల్లలు స్కూలుకి వెళ్లాకే నేను ఆ డబ్బా తీస్తాను.

అమ్మకి ఫోన్‌లో చెబితే భయపడిపోయింది. "ఒంటికి రాసుకునేదాంట్లో కాస్టిక్ సోడానా?" అంది. నేను లెక్కంతా చెప్పాక కాసేపు ఆగి, "మా చిన్నప్పుడు మా ఊళ్లో బట్టలు ఉతికేవాళ్లు చవుడు మట్టి తెచ్చేవాళ్లులే. ఆ నీళ్లు కూడా చేతులు కొరికేసేవి. తెల్లగా వచ్చేవి కానీ," అంది. చవుడు నేలలో పైకి తేలే తెల్లటి పొడి కూడా సోడా జాతి క్షారమే. అమ్మకి లెక్క తెలియకపోయినా సంగతి తెలుసు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా మొదటి రోజే పొరపాటు చేశాను. గిన్నె స్టీలుదే తీసుకున్నాను కానీ, కలపడానికి చేతికందిన గరిటె తీసుకున్నాను. అది అల్యూమినియంది. ముంచగానే సుయ్యిమని నురుగు పొంగింది, నీళ్లు నల్లగా మారాయి. అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది, హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. అది మండే గ్యాస్. బాల్కనీలో ఉన్నాను కాబట్టి గిన్నెని అక్కడే వదిలేసి దూరంగా నిలబడ్డాను. గరిటె సన్నగా, గరుకుగా, రంధ్రాలు పడి మిగిలింది. ఆ తర్వాత సబ్బు సామాన్లకి వేరే పెట్టె పెట్టాను. స్టీలు గిన్నెలు, స్టీలు చెంచాలు, మందపాటి ప్లాస్టిక్ జగ్గు, పాత హ్యాండ్ బ్లెండర్. వంటగది సామాను అందులోకి రాదు, అందులోది వంటగదిలోకి పోదు.

నూనెల పాళ్లు కుదరడానికి నాలుగు వాయిలు పట్టింది. వట్టి కొబ్బరినూనెతో చేస్తే రాయిలా గట్టిగా ఉంటుంది, నురుగు బాగా వస్తుంది కానీ చర్మం పొడిబారుతుంది. నువ్వులనూనె ఎక్కువ వేసిన వాయి మెత్తగా, చేతికి అంటుకునేలా వచ్చింది. చివరికి నిలబడిన లెక్క ఇది. కేజీ నూనెలకి కొబ్బరినూనె 400 గ్రాములు, పామాయిల్ 250, తవుడు నూనె 280, ఆముదం 70. దానికి సోడా 147 గ్రాములు, నీళ్లు 300. ఆముదం అంత తక్కువే అయినా నురుగు నిలబడేది దానివల్లే. మీరు నూనెల్లో ఏ ఒక్కటి మార్చినా సోడా లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. పక్కింటావిడ తవుడు నూనె బదులు అంతే కొబ్బరినూనె వేస్తానంటే ఆపి లెక్క చూపించాను. సోడా దాదాపు 13 గ్రాములు ఎక్కువ పడుతుంది.

సోడా నీళ్లు, నూనెలు రెండూ గోరువెచ్చగా, 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక కలపాలి. బ్లెండర్ ఆపి ఆపి తిప్పుతుంటే మెల్లగా చిక్కబడుతుంది. దీన్నే ట్రేస్ అంటారు. నేను పిండివంటల లెక్కలో గుర్తుపెట్టుకున్నాను. రంగులు పోసి గీతలు లాగాలంటే రవ్వ దోసెల పిండిలా జారుగా ఉన్నప్పుడే ఆపేయాలి. పొర నిలబడాలంటే ఇడ్లీ పిండిలా రావాలి. గారెల పిండి అయిపోతే ఇంక నగిషీ పని మర్చిపోవాలి, గరిటెతో అచ్చులో కూరడమే.

ఆ గారెల పిండి నాకు వినాయకచవితి ముందు వచ్చింది. మల్లెపువ్వు వాసనతో సబ్బు చెయ్యాలని ఎప్పటినుంచో ఆశ. ఒక సెంటు సీసా తెచ్చి, మూడు రంగులు సిద్ధం చేసుకుని, సెంటు పోసి చెంచాతో రెండు తిప్పులు తిప్పాను. మూడో తిప్పుకి చెంచా కదల్లేదు. జగ్గులో సిమెంటులా బిగుసుకుపోయింది. పూల సెంట్లు కొన్ని సబ్బుని ఉన్నపళంగా గట్టిపరుస్తాయని అప్పుడు తెలిసింది. పారెయ్యక్కర్లేదు. స్టీలు గిన్నెలోకి తీసి, నీళ్ల గిన్నె మీద పెట్టి, రెండు గంటలు మెల్లగా ఉడికిస్తే ఉడికిన బంగాళాదుంప ముద్దలా అయ్యింది. అచ్చులో అదిమితే ఎగుడుదిగుడుగా వచ్చింది, కానీ మంచి సబ్బే. ఇప్పుడు ఏ కొత్త సెంటు తెచ్చినా ముందు వంద గ్రాముల వాయిలో చూస్తాను. చెల్లెలి సబ్బులకి చివరికి నిమ్మగడ్డి నూనె వాడాను, కేజీ నూనెలకి 20 గ్రాములు. గట్టిపరచదు, ఆరాక కూడా వాసన ఉంటుంది.

ఇంక రంగులు. నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే.

బజార్లో మైకా పొడులు రకరకాలు దొరుకుతాయి. మెరుస్తాయి, వాడటం తేలిక. వాటిలో కూడా కొన్ని సోడాకి నిలబడవు, ఊదా అనుకుని వేసింది బూడిదరంగుకి దిగుతుంది. నాకు మాత్రం వంటింట్లో, పెరట్లో ఉన్నవాటితో చెయ్యాలని పట్టుదల. సెప్టెంబరులో ఒక ఆదివారం ఎనిమిది కాగితం కప్పులు వరసగా పెట్టి, ఒకే వాయిని ఎనిమిది భాగాలు చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో పొడి కలిపాను. బీట్‌రూట్ పొడి కలిపినప్పుడు అచ్చం బీట్‌రూటే, తెల్లారేసరికి మట్టిరంగు. మందార రేకల పొడి కళ్లముందే పచ్చటి ఛాయకి తిరిగి, మర్నాటికి బూడిదైంది. పాలకూర పొడి నెల రోజులు పచ్చగా ఉండి వెలిసిపోయింది. బంతి రేకలు మాత్రం పసుపుపచ్చగా అలాగే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. బొగ్గు పొడి నల్లగా, నీలిమందు నీలంగా నిలబడ్డాయి. మన్యంలో పండే జాఫ్రా గింజల్ని నూనెలో నానబెట్టి వడగడితే వచ్చిన రంగు కూడా నిలిచింది, చక్కటి గుమ్మడిపండు రంగు. మంజిష్ఠ వేరు పొడి లేత ఎరుపు ఇచ్చింది.

పసుపు సంగతి వేరుగా చెప్పాలి. దాన్ని నూనెలో కాకుండా, చూద్దామని, సోడా నీళ్లలోనే వేశాను. అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. పసుపు పడీపడగానే నీళ్లు ఎర్రగా, చిక్కటి ఎరుపుగా మారిపోయాయి. నేను గిన్నె దగ్గర అలాగే నిలబడిపోయాను. అమ్మ గుమ్మంలోంచి చూసి, "ఎర్రనీళ్లు కలిపావా? ఎవరికి దిష్టి తియ్యడానికి?" అంది.

అమ్మ అన్నది నిజమే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, పెళ్లికూతురికి పెట్టే పారాణి అదే, దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే. సున్నం క్షారం, సోడా క్షారం. పసుపు రెంటికీ ఒకేలా తిరుగుతుంది. చిన్నప్పటి నుంచి ప్రతి శుభకార్యంలో చూస్తూ వచ్చిన రంగు నా సబ్బు గిన్నెలో కనిపించేసరికి ఒళ్లు జలదరించింది. చెల్లెలి గృహప్రవేశానికి సబ్బులు చేస్తే ఈ రంగులోనే చెయ్యాలని అక్కడే నిర్ణయించుకున్నాను. అప్పటికి దాని ఇంటి పునాది పని కూడా అయిపోయి, గోడలు లేస్తున్నాయి.

అయితే ఆ ఎరుపు అలాగే ఉండదు. నూనెల్లో కలిశాక ఇటుకరంగు, అచ్చులోంచి తీశాక నారింజ, నెల ఆరాక ఇంకా లేత రంగు. పైగా పసుపు ఎండకి వెలుస్తుంది. ఒక సబ్బుకి సగం వరకూ అట్టముక్క చుట్టి కిటికీలో పెట్టాను. పదిహేను రోజుల తర్వాత అట్ట తీస్తే దాని కింద నారింజ, పక్కన పాలిపోయిన గంధం రంగు, మధ్యలో గీత గీసినట్టు. దాంతో పసుపుకి మంజిష్ఠ తోడు చేశాను. అర కేజీ నూనెల వాయికి పసుపు అర చెంచా, మంజిష్ఠ రెండు చెంచాలు, రెండూ సోడా నీళ్లలోనే వేసి, నలకలు లేకుండా స్టీలు టీ జల్లెడలో వడగట్టి. పసుపు కొంచెం వెలిసినా మంజిష్ఠ ఉంటుంది. ఈ రెంటి కలయిక ఆరాక కూడా పారాణి పెట్టిన మర్నాడు పాదాల మీద ఉండే రంగులా ఉంటుంది.

అచ్చు విషయానికి వస్తాను. బందరు పక్కనే పెడన. అక్కడ కలంకారీ బట్టలకి చెక్క అచ్చులతో అద్దకం వేస్తారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో అచ్చుతో. చిన్నప్పుడు అమ్మ దుప్పట్లు కొనడానికి వెళ్తే వెంట వెళ్లేదాన్ని. పటికతో ఎరుపు ఎక్కడం, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో నలుపు రావడం, కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట వాసన, ఇవన్నీ నాకు అప్పటివే. అక్టోబరులో అచ్చులు చెక్కే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. టేకు చెక్కని తెల్లగా సాపు చేసి, మీద బొమ్మ గీసుకుని, చిన్న ఉలితో కొంచెం కొంచెంగా లేపుతున్నారు. నేను సబ్బు మీద వెయ్యడానికి అంటే ఆయన వింతగా చూడలేదు. సబ్బు ఎంత మెత్తగా ఉంటుంది, తడిగా ఉంటుందా, ఎంత పెద్దది అని అడిగారు. అద్దకంలో అరిగిపోయి పక్కన పెట్టిన చిన్న పువ్వు అచ్చు ఒకటి ఇచ్చి, "ముందు దీంతో చూడమ్మా, కుదిరితే చెబుదువుగాని," అన్నారు. ఆరు రేకల పువ్వు, చుట్టూ చుక్కలు.

సబ్బు మీద అచ్చు వెయ్యడానికి ఒక సమయం ఉంది. అది నేను కాగితం మీద రాసి పెట్టుకుని పట్టుకోవాల్సి వచ్చింది. కోసిన రోజే వేస్తే సబ్బు అచ్చుకి అంటుకుని రేకలు ఊడి వచ్చాయి. వారం ఆగి వేస్తే నొక్కిన చోట అంచులు పగిలాయి. కోసిన రెండో రోజు సాయంత్రం, బొటనవేలితో గట్టిగా నొక్కితే గుర్తు పడీపడనట్టు ఉన్నప్పుడు, అది సరైన వేళ. నా పాళ్లకి అది, మీ పాళ్లకి వేరే ఉండొచ్చు. చెక్క నేరుగా తగిలితే అంటుకుంటోంది, పైగా తాజా సబ్బులోని క్షారం చెక్కకి మంచిది కాదు. అందుకని మధ్యలో పల్చటి క్లింగ్ ఫిల్మ్ పరిచి, అచ్చు పెట్టి, రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ. రెండో దెబ్బ వేస్తే అచ్చు జరిగి పువ్వుకి నీడ పడుతుంది. అరచెయ్యి బరువంతా ఆనించి, ఆ తర్వాత అచ్చుని నిట్టనిలువుగా ఎత్తాలి.

నవంబరు చివర్లో అసలు పని మొదలైంది. కేజీ నూనెల వాయికి పన్నెండు సబ్బులు, అరవైకి ఐదు వాయిలు. రంగు సోడా నీళ్లలోనే ఉంటుంది కాబట్టి వాయిని రెండు సగాలుగా విడివిడిగా చెయ్యాలి. ముందు పారాణి రంగు సగం. సగానికి సోడా 73.5 గ్రాములు, నేను 73 వేస్తాను. సందేహం వస్తే ఎప్పుడూ తక్కువకే సర్దాలి. దాన్ని అచ్చులో పోసి, ఇడ్లీ పిండిలా నిలబడేదాకా అరగంట ఆగి, టీ జల్లెడతో బొగ్గు పొడి పల్చగా చల్లాలి. ఆ మీద రెండో సగం, ఏ రంగూ లేనిది, గరిటె వీపు మీదుగా మెల్లగా జారవిడవాలి. నేరుగా పోస్తే ధార కింది పొరని పొడిచేస్తుంది. మొదటి వాయిలో నలుపు గీత బాగా కనబడాలని బొగ్గు మందంగా చల్లాను. కోసేటప్పుడు సబ్బు సరిగ్గా ఆ గీత దగ్గరే రెండుగా ఊడిపోయింది, పన్నెండూ. అందుకే, పరీక్షకీ ఇంట్లోకీ కలిపి ఇంకో వాయితో మొత్తం ఏడు వాయిలు చెయ్యాల్సి వచ్చింది.

చలి మొదలవడంతో ఇంకో తిప్పలు. కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టింది, ప్రతిసారీ వేడినీళ్లలో పెట్టి కరిగించుకోవాలి. పోసిన సబ్బు లోపల దానంతట అదే వేడెక్కుతుంది. చలిలో అంచులు చల్లబడిపోయి మధ్యలో మాత్రం వేడి మిగిలితే, కోసినప్పుడు ప్రతి ముక్క నడుమ ముదురు రంగు గుండ్రం కనబడుతుంది. మూడో వాయిలో అలా వచ్చింది. తర్వాత నుంచి అచ్చుని అట్టపెట్టెలో పెట్టి రెండు దుప్పట్లు కప్పాను, బాలింతని చూసుకున్నట్టు. కొన్నింటి మీద తెల్లటి బూడిదలాంటి పొర కూడా కట్టింది. అది సోడా గాలితో కలవడంవల్ల వచ్చేదే, హాని లేదు. ఇస్త్రీ పెట్టె ఆవిరి దూరం నుంచి చూపిస్తే పోయింది.

మర్నాడు కొయ్యడం. ఆ క్షణం కోసమే ఇదంతా అనిపిస్తుంది నాకు. పైనుంచి చూస్తే ఒట్టి తెల్లటి దిమ్మ. సన్నటి స్టీలు తీగ దాంట్లోకి దిగి, మొదటి ముక్క పక్కకి ఒరిగినప్పుడు లోపల చీర అంచులా ఎరుపు, మీద గీత, ఆపైన తెలుపు. ఆ గీత ఎక్కడా తిన్నగా ఉండదు. పోసినప్పుడు ఎలా సర్దుకుంటే అలా, ఎండిన కాలువ గట్టులా కొంచెం ఎత్తూ పల్లం. ఒక్కో ముక్కలో ఒక్కోలా. మావారు ఆఫీసుకి వెళ్లబోతూ ఆగి పన్నెండు ముక్కలూ కోసేదాకా చూశారు.

ఆరడానికి ఆరు వారాలు. మంచం కింద పాత చీర పరిచి, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, వారానికోసారి తిప్పాను. కోసినప్పుడు 120 గ్రాములున్నది ఆరాక 105 దగ్గరికి వచ్చింది. నీరు పోయిన కొద్దీ సబ్బు గట్టిపడి ఎక్కువ రోజులు వస్తుంది. ప్రతి వాయి నుంచీ ఒకదాన్ని తీసి తడిపి, పీహెచ్ కాగితంతో చూసుకున్నాను. 9, 10 మధ్య ఉంటే సరే. మా ఇంట్లో వాళ్లం వారం వాడాకే పెట్టెల్లో సర్దాను. ఆగస్టులో చేసిన నువ్వులనూనె సబ్బుల మీద అప్పటికే నారింజ రంగు మచ్చలు వచ్చి ముక్కవాసన వేస్తున్నాయి. ఆ జాతి నూనెలు ఎక్కువ వేస్తే సబ్బు నిలవుండదు. తవుడు నూనెని కూడా 280 దగ్గర ఆపింది అందుకే.

గృహప్రవేశం రోజు చెల్లెలు ఒక్కో సబ్బుని బటర్ పేపర్‌లో చుట్టి, పసుపు దారం కట్టి, తమలపాకుల పక్కన పెట్టి ఇచ్చింది. వాళ్ల అత్తగారు కాగితం విప్పి చూసి, "ఇది వాడటానికి చేతులు రావు," అని బీరువాలో చీరల మధ్య పెట్టుకున్నారు. వాడమని నేను ప్రాధేయపడ్డాను. ఎన్ని రోజులున్నా రంగు వెలుస్తుంది, వాడితే కదా నురుగు చూసేది. ఒకరిద్దరు డబ్బులిస్తాం చేసిపెట్టమని అడిగారు. చెయ్యలేనన్నాను. స్నానపు సబ్బు అమ్మాలంటే లైసెన్సు తీసుకోవాలి, 2020లో వచ్చిన కాస్మెటిక్స్ నియమాల ప్రకారం తయారు చేసే చోటు దగ్గర్నుంచి అన్నీ చూస్తారు. మంచం కింద ఆరబెట్టేదాన్ని అమ్మడం సరికాదు. కావాలన్నవాళ్లని ఇంటికి పిలిచి నేర్పిస్తున్నాను. ఇప్పటికి నలుగురు నేర్చుకున్నారు.

అంతా అయ్యాక నాలుగు సబ్బులు పట్టుకుని పెడన వెళ్లాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, ఒకదాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. పువ్వుని గోటితో తడిమారు. రంగు ఏమిటని అడిగితే పసుపు, మంజిష్ఠ అన్నాను, తల ఊపారు. "రేకల మధ్య సందులు పూడిపోయాయమ్మా. గుడ్డకి ఈ లోతు చాలు. దీనికి చాలదు. ఇంకో నూలు లోతు తియ్యాలి, అంచులు కొంచెం వాలుగా చెక్కాలి, అప్పుడు పైకి తేలిగ్గా వస్తుంది," అన్నారు. పక్కనున్న టేకు ముక్క తీసుకుని, నా సబ్బుని దాని మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకున్నారు. పది రోజుల తర్వాత రమ్మన్నారు.